బైపోలార్ మందులకు తోడుగా యోగా, ఆయుర్వేదం, ఇతర పద్ధతులు: ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

ఇంట్లో ఒకరికి బైపోలార్ అని తేలగానే సలహాలు వచ్చిపడతాయి. అశ్వగంధ పాలలో కలిపి ఇవ్వమని ఒకరు, ప్రాణాయామం చేయిస్తే దానంతటదే పోతుందని ఇంకొకరు, ఫలానా ఆశ్రమంలో నెల రోజులు ఉంచమని మరొకరు. వీటి వెనకాలే ఇంకో మాట వస్తుంది: "ఎన్నాళ్లని మింగుతావు నాన్నా ఆ బిళ్లలు? కిడ్నీలు పోతాయి." మా తమ్ముడికి ఈ జబ్బు ఉంది. ఈ సలహాలన్నీ మా గుమ్మం తొక్కినవే. వాటిలో కొన్ని నిజంగా మేలు చేస్తాయి. కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. ఏది ఏదో తెలుసుకుని, ఒక వరసలో మొదలుపెట్టడానికి ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. మామూలు డిప్రెషన్‌లో మనిషిని పైకి లేపే పద్ధతి ఏదైనా మంచిదే అనిపిస్తుంది. బైపోలార్ అంటే మనసు కొన్నాళ్లు అతి హుషారులోకి ఎక్కి (దీన్నే మేనియా అంటారు), కొన్నాళ్లు డిప్రెషన్‌లోకి దిగిపోయే జబ్బు. అంటే ఇందులో పైకి లేవడం కూడా జబ్బులో భాగమే. అందుకే ఇక్కడ ఏ పద్ధతినైనా రెండు ప్రశ్నలతో జల్లెడ పట్టాలి. ఇది నిద్రను తగ్గిస్తుందా? ఒంట్లో మందు పాళ్లను మారుస్తుందా? ఈ రెండింటిలో దేనికి అవునన్నా ఆ పద్ధతిని డాక్టరు ముందు పెట్టకుండా ఇంట్లోకి రానివ్వకూడదు.

మొదటి అడుగు: అసలు మందు సంగతి తేల్చుకోండి

లిథియం, వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్, క్వెటియాపిన్, ఒలాంజపిన్... ఎక్కువ మంది మందుల చీటీల్లో కనిపించేవి ఇవే. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మేనియా రోగులకు లిథియం ఇచ్చి, ఫలితాలను ప్రచురించాడు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టకుండా ఆపడంలో, ఆత్మహత్య ముప్పును తగ్గించడంలో దానికున్నంత ఆధారం మరే మందుకూ లేదు. నేను కింద చెప్పబోయే పద్ధతుల్లో ఏదీ దాని స్థానంలోకి రాదు. పైగా లిథియం ఉన్నపళంగా ఆపేస్తే మేనియా చాలా తొందరగా తిరగబెడుతుంది. "యోగా మొదలుపెట్టాం కదా, ఒక బిళ్ల తగ్గిద్దాం" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. తగ్గించాల్సి వస్తే అది డాక్టరు, నెలల తరబడి, మెల్లగా చేసే పని.

మనిషి కొన్ని నెలలుగా నిలకడగా ఉన్నప్పుడే కొత్తది మొదలుపెట్టండి. మేనియా నడుస్తుండగానో, మంచం దిగలేనంత డిప్రెషన్‌లోనో ప్రయోగాలు చేయవద్దు.

తర్వాత ఒక కాగితం మీద అన్నీ రాయండి. మందుల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, చివరి రక్తపరీక్షల్లో లిథియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే అంకె), థైరాయిడ్, షుగర్ ఎంతెంత, ఇప్పటి బరువు ఎంత. లిథియం పరీక్షకు రక్తం చివరి డోసు వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. పొద్దున బిళ్ల వేసుకుని ల్యాబ్‌కి వెళ్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. కిడ్నీల భయమున్న వాళ్లకు నేను చెప్పేదొకటే. ఆ భయం నిజమైనదే. దానికి జవాబు, డాక్టరు చెప్పిన ప్రకారం, మామూలుగా ఆరు నెలలకోసారి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు తప్పకుండా చేయించడం. మందు మానేయడం జవాబు కాదు.

రెండో అడుగు: ఒక నోట్‌బుక్

ఏదీ చేర్చకముందు నెల రోజులు రాయండి. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, మూడ్ ఎలా ఉంది (బాగా దిగిపోతే మైనస్ 5, బాగా ఎక్కితే ప్లస్ 5, మామూలుగా ఉంటే సున్నా), బిళ్లలు వేసుకున్నారా లేదా. ఇంతే. ఎక్కువ పెడితే వారానికే మానేస్తారు.

ఇది లేకపోతే తర్వాత చేర్చిన పద్ధతి పనిచేసిందో, కాలమే సర్దిందో తెలియదు. ఈ జబ్బు దానంతటదే ఎక్కి దిగుతుంటుంది కాబట్టి, దిగే సమయంలో ఏ చూర్ణం ఇచ్చినా అదే తగ్గించినట్టు కనిపిస్తుంది.

నోట్‌బుక్ వెనక పేజీలో ఆ మనిషికి ప్రత్యేకమైన ముందస్తు గుర్తులు రాసుకోండి. నాలుగు గంటలే పడుకుని హుషారుగా లేవడం, మాట వేగం పెరగడం, అర్ధరాత్రి పాత స్నేహితులకు ఫోన్లు, వరసగా ఆన్‌లైన్ ఆర్డర్లు, ఉన్నట్టుండి కొత్త వ్యాపారం ఆలోచన... ఒక్కొక్కరికి ఒక్కో తీరు. ఇంట్లోవాళ్లకే ముందు కనబడుతుంది.

మూడో అడుగు: నిద్ర, దినచర్య

డబ్బు ఖర్చు లేనిది, మందుతో గొడవ పడనిది, అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. నా మట్టుకు, మిగతావన్నీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయగలిగితే చాలు అంటాను.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ బృందం బైపోలార్ కోసం ఒక చికిత్స తయారుచేసింది. రోజువారీ లయను, మనుషులతో సంబంధాలను కలిపి సరిచేసే చికిత్స అది. 2005లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో, జబ్బు తీవ్రంగా ఉన్న దశలోనే ఈ చికిత్స పొంది, దినచర్య క్రమబద్ధం చేసుకున్నవాళ్లకు మళ్లీ తిరగబెట్టడానికి ఎక్కువ కాలం పట్టింది. అందులో గమనించే సమయాలు ఐదు: మంచం దిగడం, మొదటిసారి ఇంకో మనిషితో మాట్లాడటం, పని మొదలుపెట్టడం, రాత్రి భోజనం, పడుకోవడం. ఈ ఐదూ ఆదివారం కూడా అటూఇటూగా అదే సమయానికి జరగాలి. ముందు లేచే సమయాన్ని స్థిరం చేయండి. అది కుదిరితే పడుకునే సమయం దానంతటదే సర్దుకుంటుంది.

మన దగ్గర దినచర్యను తలకిందులు చేసేవి చాలానే ఉన్నాయి. అర్ధరాత్రి ముహూర్తాల పెళ్లిళ్లు మొదటివి. మా ఇంటికి పెళ్లి కార్డు వస్తే ముందు ముహూర్తం టైమ్ చూస్తాం. రాత్రి 1.20 అని ఉంటే తమ్ముడు సాయంత్రం వెళ్లి, భోజనం చేసి, పెళ్లివాళ్లకు చెప్పి వచ్చేస్తాడు. శివరాత్రి జాగారం కూడా అంతే. ఒక్క రాత్రి నిద్ర లేకపోవడం చాలు, కొందరిలో మేనియా మొదలవడానికి. జాగారం చేయాలన్న కోరిక గట్టిగా ఉంటే పగలు ఉపవాసం, పూజ, అభిషేకం చేసుకుని, రాత్రి పదింటికి పడుకోమని చెప్పండి. అయ్యప్ప దీక్ష తీసుకోవాలంటే తెల్లవారుజాము స్నానాలకు సరిపడా రాత్రి తొందరగా పడుకోగలరా, మాత్రల వేళలు తప్పవు కదా అన్నది ముందే తేల్చుకోవాలి. రాత్రి మందు వేసుకుంటే పొద్దున్నే లేవలేకపోవడం మామూలే. దాన్ని భక్తి లోపంగా చూడకండి.

ఐటీలో అమెరికా టైమింగ్స్‌లో పనిచేసేవాళ్లు ఇంకో చిక్కులో ఉంటారు. ఎప్పుడూ ఒకటే షిఫ్ట్ అయితే కొంత నయం. వారం పగలు, వారం రాత్రి అయితే అది బైపోలార్‌కు సరిపడని ఉద్యోగం. డాక్టరు ఉత్తరంతో షిఫ్ట్ మార్పు అడగండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ప్రయాణానికి నెల ముందే డాక్టరును కలిసి, విమానంలో, దిగాక మందులు ఏ వేళకు వేసుకోవాలో రాయించుకోవాలి.

వెలుతురును తగ్గించడం కూడా ఒక చికిత్సే. నార్వేలో 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో మేనియాతో ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు మందులతో పాటు, సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా నీలి కాంతిని ఆపే నారింజ రంగు కళ్లద్దాలు పెట్టారు. ఏడు రోజుల్లో మేనియా గణనీయంగా తగ్గింది. అధ్యయనం చిన్నదే, ఫలితం మాత్రం బలంగా ఉంది. ఇంట్లో చేయగలిగింది ఏమంటే, చీకటి పడ్డాక ట్యూబ్‌లైట్లు ఆపి పసుపు బల్బు వేయడం, తొమ్మిది తర్వాత ఫోన్ వేరే గదిలో పెట్టడం. మూడ్ ఎక్కుతున్న గుర్తులు కనబడిన రోజున ఇవి మరింత గట్టిగా పాటించి, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. డిప్రెషన్‌లో ఉన్న మనిషిని మాత్రం చీకటి గదిలో ఉంచవద్దు.

నాలుగో అడుగు: నడక, యోగా, ధ్యానం

నడక గురించి వాదన లేదు. ఒలాంజపిన్, క్వెటియాపిన్ వాడేవాళ్లకు బరువు, షుగర్ పెరిగే ముప్పు ఉంది కాబట్టి రోజూ అరగంట నడవడం మనసుకే కాదు, ఒంటికీ అవసరం. ఉదయమో సాయంత్రమో చేయండి. రాత్రి తొమ్మిదికి జిమ్ వద్దు. మూడ్ ఎక్కుతున్నప్పుడు రెండు గంటలు పరుగెత్తాలనిపిస్తుంది, అప్పుడు సగానికి తగ్గించండి.

ఆసనాలు, శవాసనం, యోగనిద్ర, నెమ్మదిగా చేసే నాడీశోధన, భ్రామరి మంచివే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో మానసిక వైద్యంతో పాటు యోగా కూడా ఉంటుంది కాబట్టి డాక్టర్లేమీ యోగాకు శత్రువులు కారు. జాగ్రత్త పడాల్సింది వేగంగా ఊపిరి తీసి వదిలే కపాలభాతి, భస్త్రిక లాంటి క్రియలతో. వీటి తర్వాత మేనియా మొదలైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పరగడుపున వంద స్ట్రోకులు చేయించే క్లాసులకు వెళ్తే, గురువుగారికి విషయం చెప్పి, ఆ భాగంలో ఊరికే కూర్చోండి. చెప్పుకోవడం ఇష్టం లేకపోతే "బీపీ ఉందండీ, డాక్టరు వద్దన్నారు" అంటే చాలు, బీపీ ఉన్నవాళ్లకూ కపాలభాతి వద్దనే చెబుతారు.

ధ్యానం పది, పదిహేను నిమిషాలైతే సరే. పది రోజుల మౌన శిబిరాలు వేరే సంగతి. విపశ్యన శిబిరంలో తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకు పది గంటల దాకా కూర్చోవాలి. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్లకు ఈ శిబిరం తగదని వాళ్ల నియమావళే హెచ్చరిస్తుంది. దరఖాస్తులో జబ్బు దాచిపెట్టి వెళ్లకండి.

ఐదో అడుగు: తినేవి, తాగేవి, మింగేవి

ఇక్కడే ఎక్కువ ప్రమాదం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

లిథియం ఒక లవణం. కిడ్నీ దాన్ని దాదాపు సోడియంలాగే చూస్తుంది. ఒంట్లో ఉప్పు, నీళ్లు తగ్గితే కిడ్నీ సోడియంతో పాటు లిథియాన్నీ వెనక్కి పట్టి ఉంచుతుంది, దాంతో రక్తంలో లిథియం పెరుగుతుంది. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచే మందు ఇది. 1.5 దాటితే విషంగా మారడం మొదలవుతుంది. అంటే మందుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ.

ఇప్పుడు మనవాళ్లు ఆరోగ్యం కోసం చేసే పనులు చూడండి. ప్రకృతి వైద్య పద్ధతిలో ఉప్పు పూర్తిగా మానేసి చప్పిడి తిండి తినడం. ఆయుర్వేద మందుతో ఉప్పు లేని పథ్యం. పంచకర్మలో విరేచనాలు, వాంతులు చేయించడం. ఆవిరి స్నానాలు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు. ఒళ్లు తగ్గడానికి మూత్రం ఎక్కువయ్యేలా పల్లేరు, తెల్ల గలిజేరు కషాయాలు. లిథియం వాడే మనిషికి వీటిలో ప్రతిదీ ముప్పే. లిథియం వాడుతుంటే ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు, పెంచకూడదు, రోజూ ఒకేలా ఉండాలి. రోహిణి కార్తె ఎండల్లో, విరేచనాలైనప్పుడు ఓఆర్‌ఎస్ తాగించి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. రోజూ నాలుగు కప్పులు కాఫీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా లిథియం పెరుగుతుంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా లిథియాన్ని పెంచేవే. నొప్పికి పారాసిటమాల్ నయం.

అశ్వగంధ గురించి అడగనివాళ్లు లేరు. పిట్స్‌బర్గ్‌లోనే 2013లో బైపోలార్ ఉన్నవాళ్లకు మందులతో పాటు రోజుకు 500 మిల్లీగ్రాముల అశ్వగంధ సారం 8 వారాలు ఇచ్చి చూస్తే, జ్ఞాపకశక్తికి సంబంధించిన కొన్ని పరీక్షల్లో కొంత మెరుగు కనిపించింది. మూడ్‌ను నిలబెడుతుందని మాత్రం అందులో తేలలేదు. ఇంకోవైపు, అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. థైరాయిడ్ ఎక్కువైతే లక్షణాలు మేనియాలాగే ఉంటాయి. కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. నా అభిప్రాయంలో నిలకడగా ఉన్న మనిషి, డాక్టరుకు చెప్పి, ముందూ తర్వాతా థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించుకుని వాడితే వాడవచ్చు. లేకపోతే వద్దు.

తిప్పతీగ కషాయం కోవిడ్ రోజుల్లో ఇంటింటా తాగారు. దాని వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ల కాలేయం మీద అప్పటికే భారం ఉంటుంది, తిప్పతీగ జోలికి పోవద్దు. సర్పగంధకు మన దేశంలో పెద్ద చరిత్ర ఉంది. 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ ఉన్మాదానికి, రక్తపోటుకు అది పనిచేస్తుందని రాశారు. అందులోంచి తీసిన రిసెర్పిన్‌ను పాశ్చాత్య వైద్యం కూడా కొన్నాళ్లు వాడింది. కానీ రక్తపోటును బాగా దించడం, కొందరిని డిప్రెషన్‌లోకి నెట్టడం వల్ల మానసిక వైద్యంలో వెనకబడింది. ఇప్పటికీ నిద్ర పట్టడానికంటూ అమ్మే కొన్ని మందుల్లో సర్పగంధ ఉంటుంది, లేబుల్ చదవండి. యష్టిమధుకం (అతిమధురం) ఎక్కువ రోజులు వాడితే పొటాషియం పడిపోతుంది. మిరియాల సారమైన పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూల్స్, బైపోలార్‌కు వాడే ఇంకో మందైన కార్బమజెపిన్ మోతాదును ఒంట్లో పెంచగలవు. చారులో మిరియాలతో ఏ ఇబ్బందీ లేదు.

భస్మాలు, రసౌషధాలు (లోహాలు, పాదరసం కలిపి చేసే మందులు) వద్దే వద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో అమెరికా వైద్య పత్రికలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దాదాపు ఐదింటిలో ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనబడింది. సీసం మెదడుకూ కిడ్నీకీ చేటు. పేరు లేని పొట్లంలో ఇచ్చే నాటుమందులో ఏముందో ఇచ్చినవాడికే తెలుసు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో జాబితా: సెయింట్ జాన్స్ వర్ట్, శామ్-ఈ, 5-హెచ్‌టీపీ, జిన్సెంగ్. సూపర్ మార్కెట్‌లో మూడ్ బాగుండటానికి అని అమ్ముతారు. మొదటి రెండూ మేనియాను రేపగలవు, మొదటిది క్వెటియాపిన్ లాంటి మందులను ఒంట్లో పలచన చేస్తుంది కూడా. 5-హెచ్‌టీపీ డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రమాదం. జిన్సెంగ్‌తో కూడా మేనియా కేసులు నమోదయ్యాయి. గంజాయి ఏ పేరుతో వచ్చినా, భంగు అయినా నూనె అయినా, దూరంగా ఉంచండి.

మేలు చేసే అవకాశం ఉన్నవి రెండు. చేపనూనెలోని ఒమేగా-3, ముఖ్యంగా ఈపీఏ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ ఉన్న రకం, డిప్రెషన్ వైపు కొంత సాయం చేస్తుంది, మేనియాకు పనిచేయదు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే సప్లిమెంట్ 2008లో ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో 24 వారాల పాటు రోజుకు 2 గ్రాములు ఇస్తే డిప్రెషన్ తగ్గింది, తర్వాతి అధ్యయనాల్లో అంత బాగా నిలబడలేదు. 2018 కెనడా మార్గదర్శకాలు ఈ రెండింటినీ బైపోలార్ డిప్రెషన్‌లో మందులకు తోడుగా, మూడో వరసలో పెట్టాయి. అంటే ముందు వరసలవి వాడి చూశాక ఆలోచించవలసినవి.

ఆరో అడుగు: వెలుగు చికిత్స, డాక్టరు చేతి మీదుగానే

షికాగో, టొరంటో చలికాలాల్లో ఉండేవాళ్లకు ఇది పనికొస్తుంది. 2018లో అమెరికాలో 46 మందితో జరిగిన అధ్యయనంలో మధ్యాహ్నం పూట 7,000 లక్స్ (లక్స్ వెలుతురు కొలత) దీపం ముందు కూర్చున్న బైపోలార్ డిప్రెషన్ రోగుల్లో 68 శాతం మంది కోలుకున్నారు, మసక దీపం పెట్టినవాళ్లలో 22 శాతం మంది. రోజుకు 15 నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి 15 నిమిషాలు పెంచుతూ గంట దాకా వెళ్లారు. అందరూ మేనియాను ఆపే మందు మీద ఉన్నవాళ్లే. అంతకుముందు పొద్దున్నే ఈ దీపం పెడితే కొందరు మేనియా, డిప్రెషన్ రెండూ కలిసిన మిశ్రమ స్థితిలో పడ్డారు కాబట్టే మధ్యాహ్నాన్ని ఎంచుకున్నారు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్నవాళ్లు దీపం కొనేముందు పగటిపూట కిటికీ దగ్గరో వరండాలోనో కూర్చోవడం అలవాటు చేసుకుని చూడవచ్చు.

ఏడో అడుగు: మాటలు, ఇల్లు, దేవుడు

బార్సిలోనాలో 2003లో నిలకడగా ఉన్న రోగులను గుంపుగా కూర్చోబెట్టి, మందులతో పాటు, జబ్బు గురించి 21 తరగతులు చెప్పారు. వాళ్లలో తిరగబెట్టడం తగ్గింది. మన దగ్గర అలాంటి గుంపులు అరుదు కాబట్టి క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర కుటుంబంతో కలిసి కూర్చోండి. "మనసు గట్టి చేసుకో", "పనిలేక ఇలా" అనే మాటలు ఇంట్లో ఆగాలి. నిత్యం సాధింపులున్న ఇంట్లో జబ్బు తొందరగా తిరగబెడుతుందన్నది అధ్యయనాల్లో పదేపదే తేలిన విషయం.

గుడి, దర్గా, చర్చి వద్దనను. నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గాకు వెళ్లి ఊరట పొందే కుటుంబాలున్నాయి. మందుల సంచి కూడా వెంట తీసుకెళ్లండి, వేళకు వేయండి. కట్టేసే చోట, కొట్టే చోట, మందు మాన్పించే చోట మనిషిని వదలకండి. తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న గుడిసెకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఎనిమిదో అడుగు: డాక్టరుకు చెప్పడం, ఒక్కొక్కటిగా చేర్చడం

డాక్టరు తిడతారేమోనని చాలామంది దాస్తారు. ఇలా మొదలుపెట్టండి: "డాక్టర్ గారూ, మీ మందులు మానడం లేదు. వీటితో పాటు చేపనూనె వాడాలనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా? ఏ పరీక్ష చేయించాలి?" సీసా చూపించండి, లేబుల్ ఫొటో చాలు. ఆయుర్వేద వైద్యుడి దగ్గరా ఇంతే, అల్లోపతి మందుల కాగితం ఆయన ముందు పెట్టండి. "అవి ఆపేస్తేనే నా మందు పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. గర్భం అనుకుంటున్న ఆడపిల్లలైతే మూలికలైనా మాత్రలైనా, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్ వాడుతుంటే, ముందే మాట్లాడాలి.

ఒకసారికి ఒక్కటే చేర్చండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు నోట్‌బుక్‌లో చూడండి. వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గి, అలసట లేకపోతే కొత్తది ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. ఎనిమిది వారాలకూ తేడా కనబడకపోతే మానేసి, ఆ డబ్బు రక్తపరీక్షలకు వాడండి.

తొమ్మిదో అడుగు: అత్యవసరానికి ముందే ఏర్పాటు

నిలకడగా ఉన్నప్పుడే మనిషిని అడిగి రాసుకోండి: జబ్బు ఎక్కితే ఏ ఆసుపత్రి, ఎవరు తీసుకెళ్లాలి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలి. 2017 చట్టం ప్రకారం ముందస్తు ఆదేశం (తనకు ఎలాంటి వైద్యం కావాలో, వద్దో ముందే చెప్పే పత్రం) రాసుకునే హక్కు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కు రోగికి ఉన్నాయి. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి.

లిథియం వాడే మనిషికి చేతులు గట్టిగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం, అయోమయం కనబడితే తర్వాతి డోసు ఆపి, దగ్గరలోని పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. లిథియం స్థాయి, క్రియాటినిన్ వెంటనే చూడమని అడగండి. మందుల కాగితంతో పాటు ఇంట్లో వాడుతున్న చూర్ణం, కషాయం, నొప్పి బిళ్ల, ఏదైతే అది, ఆ సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి డ్యూటీ డాక్టరు ముందు పెట్టండి.